నాజియా హసన్: పదిహేనేళ్లకే స్టార్... మరి ఆ తర్వాత?

#1 | కేసెట్‌కాలం

నాజియా హసన్ గురించి ఎక్కడ చదివినా మూడు ముక్కల్లో తేల్చేస్తారు. పదిహేనేళ్లకి ‘ఆప్ జైసా కోయీ’ పాడింది, రాత్రికి రాత్రి స్టార్ అయింది, ముప్పై ఐదేళ్లకే క్యాన్సర్‌తో పోయింది. మధ్యలో ఇరవై ఏళ్లున్నాయి. వాటి గురించి మాట్లాడుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

తెలియనివాళ్ల కోసం కొంచెం నేపథ్యం. 1965 ఏప్రిల్ 3న కరాచీలో పుట్టింది. బాల్యం కొంత కరాచీలో, కొంత లండన్‌లో. పాకిస్తాన్ టెలివిజన్‌లో సంగీత దర్శకుడు సొహైల్ రాణా నడిపిన పిల్లల కార్యక్రమంలో పాడింది. లండన్‌లో ఒక పార్టీలో హిందీ నటుడు, నిర్మాత ఫిరోజ్ ఖాన్ కంటపడింది. ఆయన ఆమెని బిడ్డు దగ్గరికి పంపాడు. బిడ్డు మన బెంగళూరు మనిషే. 1960లలో లండన్ వెళ్లి స్థిరపడ్డాడు. 1974లో కార్ల్ డగ్లస్ పాడిన ‘కుంగ్ ఫూ ఫైటింగ్’ ప్రపంచమంతా మోగింది కదా, దాని నిర్మాత ఈయనే. అలా 1980లో ‘ఖుర్బానీ’ వచ్చింది. సినిమాకి సంగీతం కల్యాణ్‌జీ–ఆనంద్‌జీ, ‘ఆప్ జైసా కోయీ’ ఒక్కటి మాత్రం బిడ్డు. తెర మీద జీనత్ అమన్, తెర వెనక స్కూలు పిల్ల గొంతు.

1981లో ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ గాయని అవార్డు ఇచ్చారు. అప్పటికి ఆమెకి పదిహేనేళ్లే. అంత చిన్న వయసులో ఆ అవార్డు అందుకున్నవాళ్లు అంతకుముందు లేరు. అదే ఏడు తమ్ముడు జొహేబ్‌తో కలిసి ‘డిస్కో దీవానే’, 1982లో ‘బూమ్ బూమ్’, 1984లో ‘యంగ్ తరంగ్’, 1987లో ‘హాట్‌లైన్’, 1992లో ‘కెమెరా కెమెరా’. అయిదు ఆల్బమ్‌లు, అంతే. ఇరవై ఏడేళ్లకి పాట ఆపేసింది.

నా ప్రశ్న ఇది. ఆమె కెరీర్ పడిపోయి ఆగిందా, లేక తనే ఆపుకుందా? నాకైతే రెండోదే అనిపిస్తుంది. చిన్నప్పుడే పేరొచ్చిన పిల్లలందరి కథనీ మనం ఒకే మూసలో పోస్తున్నామని కూడా అనిపిస్తుంది. మీరేమంటారు?

#2 | శ్రుతిపెట్టె

ముందు గొంతు సంగతి మాట్లాడాలి. అది వదిలేస్తే మిగతాదంతా గాలి కబుర్లే అవుతుంది.

ఆ కాలంలో హిందీ సినిమాలో ఆడగొంతు అంటే లతా, లేదా ఆశా. పై స్థాయిలో పలకాలి, ప్రతి స్వరం మధ్యా నున్నగా జారాలి, స్వరాన్ని చిన్నగా తిప్పే హరకతులు పడాలి. నాజియా గొంతులో ఇవేవీ లేవు. కొంచెం కింద స్థాయి, కొంచెం ముక్కుతో పలికే ధోరణి, శిక్షణ లేదని వినగానే తెలిసిపోతుంది. స్వరం మీద నేరుగా అడుగు పెడుతుంది, అక్కడే ఆగుతుంది, అలంకారం చెయ్యదు. శాస్త్రీయంగా చూస్తే తప్పులు పట్టొచ్చు. డిస్కోకి మాత్రం కావలసింది అదే. బీటు కచ్చితంగా నాలుగు దెబ్బల్లో నడుస్తుంటే పైన గొంతు మెలికలు తిరిగితే రెండూ కొట్టుకుంటాయి.

బిడ్డు ఈ సంగతి కనిపెట్టాడు. హెడ్‌ఫోన్ పెట్టుకుని ‘ఆప్ జైసా కోయీ’ వినండి. గొంతు రెండు పొరలుగా వినిపిస్తుంది. ఒకే లైను రెండుసార్లు పాడించి ఒకదాని మీద ఒకటి వేసే పద్ధతి అది. రెండుసార్లు పాడినప్పుడు శ్రుతిలో, సమయంలో వచ్చే వెంట్రుకవాసి తేడా వల్ల సన్నని గొంతు కూడా వెడల్పుగా వినిపిస్తుంది. లండన్ స్టూడియోలో ఎక్కువ ట్రాకులు ఉండటం వల్ల డ్రమ్స్, బేస్, సింథ్, గొంతు విడివిడిగా తీసి తర్వాత కలిపారు. అప్పటి బొంబాయిలో ఆర్కెస్ట్రా మొత్తం ఒకేసారి వాయిస్తుంటే గాయని పక్క బూత్‌లో పాడటం మామూలు. అందుకే ఆ ఏడాది రేడియోలో మిగతా పాటల మధ్య ఇది వేరే గదిలోంచి వస్తున్నట్టు ఉండేది.

ఇంకో విషయం. లతా 1970 ప్రాంతం నుంచే ఫిల్మ్‌ఫేర్ పోటీలోంచి తప్పుకుంది. ఆశా 1979 అవార్డు తర్వాత తన పేరు పరిశీలించవద్దంది. ఆ తలుపు అలా తెరుచుకుని ఉండటం కూడా ఒక కారణమే. ఈ మాట వల్ల నాజియా గొప్పతనం ఏమీ తగ్గదు. అవకాశం అందరికీ వచ్చింది, అందుకున్నది ఆ పిల్ల.

#3 | డిస్కోగురు

శ్రుతిపెట్టె గారు చెప్పినదాన్నిబట్టే నేనొక మాట అంటాను. అదంతా బిడ్డు ప్రతిభ. బాణీ ఆయనది, శబ్దం ఆయనది, రెండు పొరలు వెయ్యాలన్న ఆలోచన ఆయనది. నాజియా స్థానంలో ఇంకో ఇంగ్లిష్ మీడియం అమ్మాయిని నిలబెట్టినా పాట హిట్టే. 1995లో గాయని ఆలిషా చినాయ్‌తో ‘మేడ్ ఇన్ ఇండియా’ చేశాడు, అదీ దేశాన్ని ఊపేసింది. అంటే సూత్రం ఆయన చేతిలో ఉంది.

కేసెట్‌కాలం గారి ప్రశ్నకి నా జవాబు: కెరీర్ పడిపోయింది. ‘డిస్కో దీవానే’ శిఖరం. ‘బూమ్ బూమ్’ పాటలు వాడిన ‘స్టార్’ సినిమా ఆడలేదు. 1984 నాటికి ప్రపంచంలోనే డిస్కో మోజు పోయింది. ‘హాట్‌లైన్’ ఎంతమందికి గుర్తుంది? ‘కెమెరా కెమెరా’ వచ్చిన 1992లోనే ‘రోజా’ కూడా వచ్చి శ్రోతల అభిరుచినే మార్చేసింది. ఆ పరిస్థితిలో ఎవరైనా ఆపేస్తారు. దాన్ని “తనే ఎంచుకుంది” అనడం అభిమానం.

#4 | కేసెట్‌కాలం

డిస్కోగురు గారూ, బిడ్డు గొప్పతనం నేను కాదనను. కానీ “ఇంకో అమ్మాయి అయినా హిట్టే” అంటే ఒప్పుకోను. బిడ్డు జీవితంలో ఎంతోమందితో పాడించాడు. అందరివీ నిలబడలేదు. నిలబడినవాళ్లకి ఒక లక్షణం ఉంది, గొంతు వినగానే మనిషి కళ్ల ముందు కనిపిస్తుంది. ఆలిషాదీ అంతే.

పైగా ‘డిస్కో దీవానే’ని ఒక్క బిడ్డు ఖాతాలో వెయ్యలేం. జొహేబ్ కూడా బాణీలు కట్టాడు. అతను అక్క కంటే చిన్నవాడు. ఇద్దరు టీనేజీ పిల్లలు కూర్చుని, సినిమాతో సంబంధం లేకుండా, హీరో హీరోయిన్ల మొహాలు లేకుండా ఒక ఆల్బమ్ తెస్తే, సినిమా పాట తప్ప ఇంకో పాట అమ్ముడుపోదనుకున్న దేశంలో అది ఇంటింటికీ వెళ్లింది. భజనలు, గజళ్లు వదిలేస్తే మన దగ్గర సినిమాయేతర పాటకి అంత పెద్ద మార్కెట్ ఉందని తెలిసింది అప్పుడే. టేప్‌రికార్డర్లు మధ్యతరగతి ఇళ్లలోకి వస్తున్న రోజులు కూడా కలిసొచ్చాయి.

‘స్టార్’ సంగతి ఎత్తారు కాబట్టి చెబుతాను. అందులో అక్కాతమ్ముళ్లకి నటించే అవకాశం వచ్చింది. వద్దన్నారు. పాటలు మాత్రం ఇచ్చారు. 1982లో నాజియాకి పదిహేడేళ్లు. హిందీ సినిమాలో వేషం వస్తుంటే వద్దనగలిగిన అమ్మాయి, 1992లో “ఇది మా చివరి ఆల్బమ్” అని ముందే చెప్పి ఆపేసిన అమ్మాయి ఒకరే. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

#5 | సింధుతీరం

నేను పాకిస్తానీ పాప్ సంగీతం చాలాకాలంగా వింటున్నాను. ఈ చర్చలో ఇంతవరకూ రాని కోణం ఒకటుంది. మనం బొంబాయి వైపు నుంచే చూస్తున్నాం.

1977 జూలైలో పాకిస్తాన్‌లో సైన్యాధిపతి జియా ఉల్ హక్ అధికారం చేజిక్కించుకున్నాడు. 1988 ఆగస్టులో విమాన ప్రమాదంలో చనిపోయేదాకా అతనిదే రాజ్యం. నాజియా పాడిన కాలమంతా దాదాపు అందులోనే పడింది. టీవీలో వార్తలు చదివే ఆడవాళ్లు తల మీద దుపట్టా కప్పుకోవాలని ఆదేశాలిచ్చిన రోజులవి. అలాంటి చోట పదహారేళ్ల అమ్మాయి, ప్యాంటు వేసుకుని, తమ్ముడి పక్కన నిలబడి, చేతిలో మైకుతో పాప్ పాట పాడటం అంటే మామూలు విషయం కాదు. ఇద్దరూ తోబుట్టువులు కావడం వల్లే చాలా కుటుంబాలు ఒప్పుకున్నాయని నా అభిప్రాయం. అదే స్థానంలో పరాయి కుర్రాడు ఉండి ఉంటే ఇంట్లో కేసెట్ పెట్టనిచ్చేవారు కాదు.

ఆమెకి ముందు అక్కడ పాప్ లేదా అంటే ఉంది. ఆలంగీర్, మొహమ్మద్ అలీ షెహకీ 1970లలోనే టీవీలో పాడారు. రూనా లైలా కరాచీలో పేరు తెచ్చుకుని తర్వాత బంగ్లాదేశ్ వెళ్లిపోయింది. కానీ దేశం బయట కూడా మోగిన మొదటి పాప్ గొంతు నాజియాదే.

జియా పోయాక, 1988 డిసెంబర్లో బేనజీర్ ప్రధాని అయ్యాక, పాకిస్తాన్ టీవీ ‘మ్యూజిక్ 89’ అనే కార్యక్రమం పెట్టింది. నిర్మాత షోయబ్ మన్సూర్. వ్యాఖ్యాతలు నాజియా, జొహేబ్. ‘వైటల్ సైన్స్’ లాంటి కొత్త బ్యాండ్లు వరసగా అందులో కనిపించాయి. మతపెద్దల నుంచి తీవ్రమైన వ్యతిరేకత వచ్చింది కూడా. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, అప్పటికి నాజియాకి ఇరవై నాలుగేళ్లు. తన తర్వాతి తరాన్ని ప్రేక్షకులకి పరిచయం చేసే పెద్దక్క స్థానంలో ఉంది. డిస్కోగురు గారు చెప్పిన “పడిపోయిన” కాలం ఇదే మరి!

#6 | డిస్కోగురు

సింధుతీరం గారి పోస్టు బాగుంది, ‘మ్యూజిక్ 89’ గురించి ఇంత వివరంగా ఎక్కడా చదవలేదు. అయినా నా మాట మీదే ఉన్నాను. వ్యాఖ్యాత కావడం వేరు, హిట్ ఇవ్వడం వేరు. గౌరవం మిగిలింది, అమ్మకం మిగల్లేదు.

#7 | లండన్‌తెలుగు

నేను బ్రిటన్‌లో ఉంటాను. ఈ చర్చ చదువుతుంటే ఇక్కడి ఇంకో పాప గుర్తొచ్చింది. లీనా జవరోనీ.

స్కాట్లాండ్‌లో బ్యూట్ అనే చిన్న దీవి ఉంది. అక్కడి పిల్ల. 1963 నవంబర్లో పుట్టింది, అంటే నాజియా కంటే ఏడాదిన్నర పెద్ద. 1974లో ‘ఆపర్చునిటీ నాక్స్’ అనే టీవీ పోటీలో వరసగా అయిదు వారాలు గెలిచింది. పదేళ్ల వయసులో ఆమె పాట, ఆమె ఆల్బమ్ రెండూ బ్రిటన్ టాప్ 10లోకి వెళ్లాయి. ఒళ్లు చిన్నది, గొంతు పెద్దది. చూసినవాళ్లు నోరెళ్లబెట్టేవారు. దీవిలోని ఇల్లు వదిలి లండన్ వచ్చింది, నటన, పాట నేర్పే స్కూల్లో చేరింది, ఏజెంట్ ఇంట్లో పెరిగింది. టీనేజీలోనే తిండికి సంబంధించిన మానసిక జబ్బు పట్టుకుంది. బీబీసీలో సొంత కార్యక్రమం నడిచే రోజుల్లో కూడా అది వదల్లేదు. తర్వాత డిప్రెషన్. 1999 అక్టోబర్ 1న కార్డిఫ్‌లో చనిపోయింది. ముప్పై ఐదేళ్లు.

నాజియా లండన్‌లో చనిపోయింది 2000 ఆగస్టు 13న. ఆమెకీ ముప్పై ఐదే. ఏడాది కూడా తేడా లేదు. ఆ అంకె చూసి ఇద్దరి కథనీ ఒకే గాటన కట్టేస్తే మాత్రం చాలా పెద్ద తప్పు. లీనాని చిన్నప్పటి పేరు జీవితాంతం వెంటాడింది. ఆమెకి వేదిక తప్ప వేరే లోకం మిగల్లేదు. నాజియా ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయింది, దానికీ పాటకీ సంబంధం లేదు. ఒకరి విషయంలో ప్రశ్నలు అడగాల్సింది వినోద పరిశ్రమని. రెండో ఆమె విషయంలో అది అనారోగ్యం, అంతే. మన వ్యాసాల్లో రెండింటినీ కలిపి “కీర్తి శాపం” అని రాసేస్తారు. నాకు కోపం వచ్చేది అక్కడే.

#8 | శ్రుతిపెట్టె

లండన్‌తెలుగు గారి మాట నూటికి నూరుపాళ్లు నిజం. చిన్నపిల్లల చేత పాడించే ఇళ్లలో ఎవరూ ఎత్తని సంగతి ఇంకోటి చెబుతాను. పన్నెండేళ్లకీ పదహారేళ్లకీ మధ్య గొంతు మారుతుంది. మగపిల్లల్లో బాగా తెలుస్తుంది, ఆడపిల్లల్లోనూ మారుతుంది. శ్వాస ఎక్కువ కలుస్తుంది, పై స్వరాలు పలకడం కష్టమవుతుంది, గొంతు త్వరగా అలసిపోతుంది. అప్పుడు విశ్రాంతి ఇవ్వాలి. “పదేళ్ల పిల్ల పెద్దవాళ్లలా పాడుతోంది” అన్న ఆశ్చర్యం మీద నిలబడిన కెరీర్‌కి ఇది నేరుగా దెబ్బ. పిల్ల పెద్దదైపోయాక ఆశ్చర్యపడటానికి ఏముంటుంది?

నాజియా పదిహేనేళ్ల గొంతుతో, పదిహేనేళ్ల అమ్మాయిలాగే పాడింది. పెద్దవాళ్లని అనుకరించలేదు. అందుకే ఇరవై రెండేళ్లప్పుడు ‘హాట్‌లైన్’లో అదే మనిషి కాస్త ఎదిగినట్టు వినిపిస్తుంది తప్ప, ఏదో పోగొట్టుకున్నట్టు వినిపించదు.

#9 | నల్లకోటు

వృత్తిరీత్యా లాయర్ని కాబట్టి నాకు ముందు గుర్తొచ్చేది డబ్బు. పిల్లలు సంపాదిస్తే అది ఎవరిది?

అమెరికాలో జాకీ కూగన్ అనే కుర్రాడు చాప్లిన్‌తో కలిసి 1921లో నటించి పెద్ద స్టార్ అయ్యాడు. పెద్దవాడయ్యాక చూస్తే సంపాదనంతా తల్లి, సవతి తండ్రి ఖర్చుపెట్టేశారు. 1938లో కోర్టుకెక్కాడు, చేతికొచ్చింది చాలా తక్కువ. ఆ గొడవ వల్లే 1939లో కాలిఫోర్నియా చట్టం తెచ్చింది. ఇప్పుడు అక్కడ పిల్లల సంపాదనలో 15 శాతం విడిగా ట్రస్టు ఖాతాలో వెయ్యాలి. బ్రిటన్‌లో 1963 చట్టం ప్రకారం పిల్లల ప్రదర్శనలకి స్థానిక సంస్థ లైసెన్సు ఉండాలి. లీనాకి ఆ చట్టం వర్తించినా ఆమె పరిస్థితి అలా ముగిసిందంటే, లైసెన్సు కాగితం పనిగంటల్ని లెక్కపెడుతుంది తప్ప పిల్ల మనసుని చూడదని అర్థం.

మన దేశంలో సంగతి చాలామందికి తెలియదు, అందుకే వివరంగా రాస్తున్నాను. బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించారు, 2017లో నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం పిల్లల్ని సినిమాల్లో, టీవీ కార్యక్రమాల్లో పాల్గొనేలా చెయ్యాలంటే జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. రోజుకి అయిదు గంటలకి మించి పని చేయించకూడదు, విశ్రాంతి లేకుండా మూడు గంటలు దాటకూడదు. చదువు ఆగకూడదు. వరసగా 27 రోజులకి మించి పని పెట్టకూడదు. ఆదాయంలో కనీసం 20 శాతం పిల్ల పేరు మీద జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చెయ్యాలి, మేజర్ అయ్యాక ఆ డబ్బు పిల్లకే. ఇప్పుడు టీవీ పాటల పోటీలకి పిల్లల్ని తీసుకెళ్లే తల్లిదండ్రులు ఈ నియమాలు చదివి వెళ్లండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం మైనర్ సంతకానికి విలువ లేదు, సంతకం పెట్టేది మీరే. కాగితం మొత్తం చదివాకే పెట్టండి, ముఖ్యంగా “పాట హక్కులు శాశ్వతంగా” అన్న వాక్యం ఎక్కడుందో వెతకండి.

#10 | కొత్తశ్రోత

నేను 2012లో వచ్చిన హిందీ సినిమాలోని డిస్కో పాట ద్వారా నాజియా పేరు విన్నాను. అందులో పాత గొంతు కలిపారని తర్వాత తెలిసింది. ఒక సందేహం. ఆమె వైవాహిక జీవితం గురించి నెట్‌లో రకరకాలుగా ఉంది. ఆ టెన్షన్ వల్లే పాట మానేసిందా?

#11 | నిర్వాహకుడు

కొత్తశ్రోత గారూ, మీరు మంచి ఉద్దేశంతోనే అడిగారు. తేదీలు చూస్తే జవాబు దొరుకుతుంది. చివరి ఆల్బమ్ 1992లో వచ్చింది, పెళ్లి 1995లో జరిగింది. కాబట్టి పెళ్లికీ పాట ఆపడానికీ ముడిపెట్టలేం. 1997లో బాబు పుట్టాడు. 2000లో, ఆమె చనిపోవడానికి కొద్దిరోజుల ముందు విడాకులయ్యాయి. ఇంతవరకూ అందరికీ తెలిసిన విషయం. ఇంతకు మించి ఎవరు ఎవరిని ఏమన్నారన్నది ఇక్కడ చర్చించొద్దు. జవాబు చెప్పుకునే అవకాశం ఆమెకి లేదు, కొడుకు బతికున్నాడు. ఇలాంటి పోస్టులు రెండు ఇప్పటికే తీసేశాను. పాట గురించి, పని గురించి ఎంతైనా రాయండి.

#12 | సింధుతీరం

నిర్వాహకుడు గారు పని అన్నారు కాబట్టి ఆ సంగతే రాస్తాను. అందరూ ఒక్క లైనులో దాటేసే భాగం ఇది.

నాజియా పాడుతూనే చదువుకుంది. లండన్‌లోని రిచ్‌మండ్ అమెరికన్ యూనివర్సిటీలో బిజినెస్, ఎకనామిక్స్ డిగ్రీ చేసింది. తర్వాత లండన్ యూనివర్సిటీ నుంచి లా పట్టా తీసుకుంది. 1991లో న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితిలో చేరింది, రాజకీయ, భద్రతామండలి వ్యవహారాల విభాగంలో పనిచేసింది. అంటే ‘కెమెరా కెమెరా’ బయటికి వచ్చేనాటికే ఆమె వేరే ఉద్యోగంలో ఉంది! ఆల్బమ్ ఆడకపోవడంతో వేరే దారి వెతుక్కుందన్న వాదన ఇక్కడ నిలబడదు. దారి ముందే వేసుకుంది, ఆల్బమ్ తర్వాత వచ్చింది.

ఆ ఆల్బమ్ కూడా మాదకద్రవ్యాలకి వ్యతిరేకంగా అక్కాతమ్ముళ్లు చేసిన ప్రచారంలో భాగంగా తెచ్చారు. 1980లలో అఫ్గాన్ యుద్ధంతో పాటు పాకిస్తాన్‌లోకి హెరాయిన్ ముంచుకొచ్చింది. కరాచీ వీధుల్లో చదువుకునే కుర్రాళ్లు దానికి బలయ్యారు. తన పాటలు వినే వయసువాళ్లే వాళ్లంతా. వాళ్ల కోసం ఏదైనా చెయ్యాలని నాజియా, జొహేబ్ ఒక సంస్థ పెట్టుకుని తిరిగారు. వాళ్ల అమ్మ సామాజిక సేవలో ఉన్న మనిషి, ఇంట్లో ఆ వాతావరణం ముందునుంచీ ఉంది. 2002లో పాకిస్తాన్ ప్రభుత్వం ఆమె మరణానంతరం ‘ప్రైడ్ ఆఫ్ పెర్ఫార్మెన్స్’ పురస్కారం ఇచ్చింది. 2003లో తల్లిదండ్రులు ఆమె పేరుతో ఫౌండేషన్ మొదలుపెట్టారు.

#13 | కేసెట్‌కాలం

సింధుతీరం గారూ, 1991 అన్న ఆ ఒక్క తేదీ ఈ చర్చ మొత్తానికి కీలకం. ధన్యవాదాలు.

దానికి ఒక మాట కలుపుతాను. 1991లో శాటిలైట్ టీవీతో ఎమ్‌టీవీ మన ఇళ్లలోకి వచ్చింది, 1994లో చానెల్ వీ. 1995లో ఆలిషా, దలేర్ మెహందీ, 1996లో లక్కీ అలీ, కలోనియల్ కజిన్స్. ఇండీపాప్ అని పేరు పెట్టుకున్న ఆ పండగంతా నాజియా వదిలేసిన తర్వాతే జరిగింది. 1995లో ఆమెకి ముప్పై. గొంతు ఉంది, పేరు ఉంది, బిడ్డు కూడా పనిచేస్తూనే ఉన్నాడు. తిరిగి రావాలనుకుంటే అంతకంటే మంచి సమయం ఉండదు. రాలేదు. కనీసం ఒక రీమిక్స్ ఆల్బమ్ కూడా చెయ్యలేదు. డబ్బు కోసమో చప్పట్ల కోసమో బతికే మనిషైతే ఆ అవకాశాన్ని వదులుకోదు.

#14 | డిస్కోగురు

1991 తేదీ బలమైనదే. ఉద్యోగం ముందు వచ్చిందంటే ఎంపిక ఉందని ఒప్పుకోవాలి. కానీ నా అసంతృప్తి వేరే. ఇంత అరుదైన గొంతు, ఇంత పేరు ఉన్న మనిషి ఎందుకు ఆపాలి? అమెరికన్ గాయని బ్రెండా లీని చూడండి. అట్లాంటాలో పుట్టింది, చిన్నతనంలోనే తండ్రి పోతే ఇంటి బరువు ఆ పిల్ల పాట మీదే పడింది. పదమూడేళ్లప్పుడు, 1958లో ఒక క్రిస్మస్ పాట రికార్డు చేసింది. పాడటం ఆపలేదు. 2023 డిసెంబర్లో, డెబ్బై ఎనిమిదేళ్ల వయసులో, అదే పాట అమెరికా బిల్‌బోర్డ్ చార్టులో మొదటి స్థానానికి వచ్చింది. పదమూడేళ్ల గొంతుకి డెబ్బై ఎనిమిదేళ్లకి పట్టాభిషేకం. నాజియా కూడా అలా కొనసాగి ఉంటే మనకి ఇంకో పది ఆల్బమ్‌లు ఉండేవి. శ్రోతగా నాకు ఆ బాధ ఉంటుంది.

#15 | లండన్‌తెలుగు

ఆ బాధ నాకూ ఉంది. బ్రెండా లీ ఉదాహరణ చాలా బాగుంది, ఎందుకంటే చిన్నప్పుడే పాడిన పిల్లలందరూ చెడిపోతారన్న మాటని అదీ కొట్టిపారేస్తుంది. 1963లో పెళ్లి చేసుకుంది, కుటుంబంతో స్థిరంగా ఉంది, రాక్ అండ్ రోల్, కంట్రీ రెండు హాల్ ఆఫ్ ఫేమ్‌లలోనూ ఆమె పేరుంది. కానీ ఆమె పాడకపోతే ఇల్లు గడవదు. నాజియా వాళ్ల నాన్న వ్యాపారి, పాడకపోయినా ఇల్లు గడుస్తుంది. “వద్దు” అనగలిగే స్వేచ్ఛ చాలావరకు అక్కడి నుంచి వచ్చింది. దాన్ని మర్చిపోయి “ఎంత వ్యక్తిత్వం!” అని మాత్రమే అంటే, టీవీ పోటీల్లో ఇంటి అప్పు తీర్చడానికి పాడుతున్న పిల్లలకి అన్యాయం చేసినట్టవుతుంది.

#16 | నల్లకోటు

లండన్‌తెలుగు గారి చివరి వాక్యం నేను రాయాల్సింది. చట్టం కావలసింది ఆ పిల్లలకే. 20 శాతం డిపాజిట్ అయిందో లేదో ఏటా ఎవరు తనిఖీ చేస్తారన్నది అసలు ప్రశ్న. ఆ కాగితాలు చూపించమని అడిగే హక్కు తల్లిదండ్రులకే ఉందనుకోకండి. మేజర్ అయిన పిల్ల కూడా అడగొచ్చు. దీని మీద వేరే చర్చ మొదలుపెడతాను, ఇక్కడ పక్కదారి పట్టించను.

#17 | కొత్తశ్రోత

నా వయసువాళ్లకి ‘ఆప్ జైసా కోయీ’, ‘డిస్కో దీవానే’ తప్ప తెలియవు. ఎక్కడ మొదలుపెట్టాలో శ్రుతిపెట్టె గారు చెబుతారా?

#18 | శ్రుతిపెట్టె

తప్పకుండా. ‘డిస్కో దీవానే’ ఆల్బమ్‌లోనే ‘లేకిన్ మేరా దిల్’ అనే పాట ఉంది. మొదట అది వినండి. వేగం తక్కువ, వాద్యాలు తక్కువ, గొంతు దాక్కోవడానికి చోటు లేదు. పదహారేళ్ల అమ్మాయి ఏడుపు తెచ్చిపెట్టుకోకుండా బాధని పాడటం వినిపిస్తుంది. తర్వాత అదే ఆల్బమ్‌లో ‘ఆవో నా’. అక్కాతమ్ముళ్ల గొంతులు ఒకదానికొకటి ఎంత దగ్గరో, ఒకే ఇంటి ఉచ్చారణ ఎలా ఉంటుందో అందులో తెలుస్తుంది.

అక్కడి నుంచి ‘యంగ్ తరంగ్’కి వెళ్లండి. ‘ఆంఖే మిలానే వాలే’, ‘దమ్ దమ్ దే దే’ రెండూ వినండి. దీనికి వీడియోలు కూడా తీశారు, మన ప్రాంతంలో పాప్ పాటకి వీడియో అన్న ఆలోచనే కొత్త అప్పుడు. వీడియోలో ఆమె కదలికలు గమనించండి. దాదాపు కదలదు. భుజం కొంచెం, తల కొంచెం. ఆ నిలకడే ఆమె శైలి. ‘హాట్‌లైన్’లో ‘ఆ హా’ వినండి, గొంతు బరువు పెరిగింది, పదాల చివర్లు ఇంకా శుభ్రంగా పలుకుతుంది.

‘కెమెరా కెమెరా’ చివర్లో వినండి. డిస్కోగురు గారికి నచ్చదని తెలుసు. వాద్యాల కూర్పులో బలం తగ్గిన మాట నిజమే, డ్రమ్ మెషిన్ శబ్దం ఇప్పుడు పాతబడిపోయింది. గొంతు కోసమైనా వినాలి.

#19 | డిస్కోగురు

‘కెమెరా కెమెరా’ నిన్న రాత్రి మొత్తం మళ్లీ విన్నాను. ఆల్బమ్ బలహీనంగానే ఉంది, ఆ అభిప్రాయం మారలేదు. బాణీలు ఒకదానికొకటి కలిసిపోతాయి. కానీ శ్రుతిపెట్టె గారు అన్న గొంతు సంగతి నిజం. ఇరవై ఏడేళ్ల నాజియా మొదటి రికార్డు కంటే బాగా పాడుతోంది. శ్రుతి కుదిరింది, ముక్కుతో పలకడం తగ్గింది, రెండు పొరల సాయం లేకపోయినా నిలబడగలదనిపించింది. ఆ గొంతుకి అప్పుడు మంచి బాణీలు దొరక్కపోవడమే నాకు మిగిలిన ఫిర్యాదు. సింధుతీరం గారూ, ‘మ్యూజిక్ 89’ రికార్డింగులు ఎక్కడైనా పూర్తిగా దొరుకుతాయా? ఆమె ప్రత్యక్షంగా పాడినవి వినాలనుంది.

#20 | సింధుతీరం

ముక్కలు ముక్కలుగా యూట్యూబ్‌లో ఉన్నాయండీ, పాత వీడియో టేపుల నుంచి ఎక్కించినవి. బొమ్మ మసకగా ఉంటుంది, ధ్వని ఫర్వాలేదు. నా దగ్గరున్న లింకులన్నీ ఒకచోట చేర్చి ఈ వారంలో ఇక్కడే పెడతాను. వ్యాఖ్యానం ఉర్దూలో ఉంటుంది, అవసరమైన చోట తెలుగులో రాసిస్తాను.